మైలలో గీసిన రాక్షసి

ఐటీ డబ్బుతో జూబ్లీ హిల్స్‌లో వెలసిన ఒక కామిక్స్ ఆఫీసులో నేను పురాణ కథలు రాసేవాణ్ణి. స్నానం, సంధ్య కాకుండా దేవుడి నోట ఒక్క మాట కూడా పలికించేవాణ్ణి కాదు.

యూసుఫ్‌గూడ నుంచి వచ్చే మా ఆర్టిస్టు, తల్లి పోయిన మూడో రోజే పనిలోకి వచ్చాడు. పుస్తకం ప్రెస్సుకు వెళ్లాలి మరి.

"మైలలో ఉన్నావు. పదకొండో రోజు దాకా దేవుణ్ణి ముట్టుకోకు, రాక్షసిని గీయి" అన్నాను.

తల వంచుకుని, గడ్డం మీద పుట్టుమచ్చతో సహా గీశాడు. రాక్షసి కళ్లలో ఆ దిగులేమిటని విసుక్కుని, కోరలు పెంచమన్నాను. పెంచాడు. దేవుణ్ణి వేరే ఆర్టిస్టు చేత గీయించి, రాక్షసి తల నరుకుతున్నట్టు అట్ట మీద వేయించాను.

అచ్చయిన కాపీలు ఇవ్వడానికి అతనింటికి వెళ్లాను. గోడ మీద దండ వేసిన ఫోటోలో అవే కళ్లు, గడ్డం మీద అదే పుట్టుమచ్చ.

"దేవున్ని ముట్టొద్దంటిరి గద సార్. ఆ దినాలల్ల అమ్మ మొకం తప్ప ఇంకోటి చేతికి రాలే" అన్నాడు.

సంధ్య మానేశాను. దర్గాకు వెళ్లాను, చర్చిలో కూర్చున్నాను, బంజారా హిల్స్‌లో ధ్యానం నేర్చుకున్నాను. మనసు విశాలమైందని మిత్రులు మెచ్చుకుంటారు. కాళ్లు కడుక్కోమన్న చోట కడుక్కుంటాను, చెప్పులు విడవమన్న చోట విడుస్తాను. ఏం చేసి వచ్చావని మాత్రం ఇంతవరకూ ఏ గుమ్మంలోనూ ఎవరూ అడగలేదు.