చెడుగుడు పట్టు

ఫస్టు ఫారంలో, అంటే ఆరో తరగతిలో చేర్చడానికి మా నాయన నన్ను రాచర్ల దగ్గరి మా పల్లె నుంచి తీసుకొచ్చి, మార్కాపురంలో మేనత్త ఇంట్లో దించి వెళ్లాడు. బడి నాకు నచ్చింది. ఒక్కడే నచ్చలేదు. ఫిఫ్తు ఫారం తప్పుతూ అక్కడే ఉండిపోయిన వాడిని అందరూ పెద్దోడు అనేవాళ్లు. అప్పటికే మీసాలొచ్చాయి. పొద్దున్నే గోడ వారగా కాచుకుని, చిన్నపిల్లలు కనిపిస్తే వెనక నుంచి మెడ పట్టి, ముఖాన్ని గోడకేసి రుద్ది, వీపు మీద గుద్దేవాడు. దానికి కారణమేమీ అక్కర్లేదు.

తెల్లవారితే నాకు కడుపునొప్పి. అయ్యవారు పాఠం చదవమంటే నత్తి. అంతకు ముందు నాకు నత్తి లేదు.

"ముఖమంతా గీసుకపోయింది, ఏందిరా?" అని అత్త అడిగితే, "పడినానత్తా" అనేవాణ్ణి.

నా పక్కన కూర్చునే పిల్లవాడిది బేస్తవారిపేట వైపు పల్లె. కూలి చేసుకుని బతికే క్రైస్తవుల ఇంటివాడు. నాకంటే సన్నం, నాకంటే ఎక్కువ దెబ్బలు తిన్నవాడు. చెడుగుడులో మాత్రం వాడిది ఉడుంపట్టు. ఒకరోజు మధ్యాహ్నం వాడే అన్నాడు:

"కూతకొచ్చినోడు ఎంత లావుంటే ఏంది? అందరం కాళ్లు పట్టుకుంటే పడతాడు గదా. పెద్దోన్నీ అట్లనే పడేద్దాం."

"సంపుతాడురా!"

"ఇప్పుడేమన్నా ముద్దు చేస్తున్నాడా?"

నాకు నవ్వాగలేదు. మా తరగతిలో అందరి చెవినా ఈ మాట వేశాం.

ఆ సాయంత్రమే బడి వెనక మైదానంలో పెద్దోడు వచ్చి నా జతగాడి జుట్టు పట్టుకున్నాడు.

"రేయ్, కూతకొచ్చినాడు, పట్టండ్రా!" అని జతగాడు అరిచాడు.

నేను ముందుకు ఉరికాను. పెద్దోడి పిక్కను వాటేసుకుని కళ్లు మూసుకున్నాను. ఇంకో కాలికి ఇంకొకడు, నడుముకు మరొకడు. ధబ్బున మట్టిలో పడ్డాడు! ఎవ్వరం కొట్టలేదు. వదల్లేదు, అంతే.

"ఇంక ముట్టనని చెప్పు! చెప్పు!" ఎవరిదో గొంతు గట్టిగా అరుస్తోంది. చూస్తే అది నాదే!

డ్రిల్లు అయ్యవారు బెత్తంతో పరుగెత్తుకొచ్చాడు. "ఒక్కని మీద ఇంతమందా? సిగ్గు లేదురా మీకు?"

నా జతగాడు చొక్కా పైకెత్తి, కమిలిన వీపు చూపించాడు. నేనూ ఎత్తాను. మిగతావాళ్లూ ఎత్తారు. అయ్యవారు బెత్తం దించి, పెద్దోడి వైపు తిరిగాడు.

"రేపు మీ నాయనను పిలుచుకోని రా."

తర్వాత వాడు మా జోలికి రాలేదు. నత్తి మెల్లమెల్లగా పోయింది. ఉలికిపాటు మాత్రం పోలేదు. ఇంత వయసొచ్చినా, వెనక నుంచి ఎవరైనా ప్రేమగా భుజం మీద చెయ్యి వేస్తే ఒళ్లు బిగుసుకుంటుంది.

కానీ ఆ సాయంత్రం అవేవీ గుర్తుకు రాలేదు. దుమ్ముకొట్టుకుపోయిన చొక్కాలతో, పలకలు చేసే కొట్టాల ముందు నుంచి కేకలు పెడుతూ ఉరికాం. రాయి కోస్తున్న ముసలాయన తలెత్తి, "ఏందిరా పిల్లోల్లారా, ఏమైనాది?" అన్నాడు.

"గెలిసినాం తాతా!"

"ఎవురి మీద?"

చెప్పడానికి ఆగితే గదా!