గొడుగంటే ఛాతా కాదు

ఏడేళ్ళ వయసులో మొదటిసారి శ్రీకాకుళం వెళ్ళినప్పుడు మా మామ్మ నన్ను హడలగొట్టేసింది. బయట చినుకులు పడుతున్నాయి. ఆడుకోవడానికి నేను గుమ్మం దాటుతుంటే, "ఒలే, తడిసిపోతావు. అటక మీద గొడుగుంది, అట్టుకెల్లు" అంది. నేను అక్కడే కొయ్యబారిపోయాను. అటక మీద ఏ ఆఫీసరు దాక్కున్నాడో, అతన్ని నేనెలా దించాలో, దించి ఎక్కడికి తీసుకెళ్ళాలో ఒక్కటీ అర్థం కాలేదు.

ఇందులో నా తప్పేం లేదు. కలకత్తాలో, గార్డెన్ రీచ్ దగ్గర మా ఇంట్లో, వానకి వేసుకునేదాన్ని బెంగాలీవాళ్ళలాగే ఛాతా అంటాం. గొడుగనే మాటకి వేరే ఉద్యోగం ఉంది. ఆ ఉద్యోగం ఇచ్చింది మా నాన్నా, ఆయనతో పాటు డాక్‌లో ఓడల సరుకు దించిన శ్రీకాకుళం మనుషులూ. వాళ్ళ మీద ఒక బెంగాలీ బాబు ఉండేవాడు. ఎండైనా వానైనా నల్లటి ఛాతా కింద నిలబడి, తడిసేవాళ్ళనీ మాడేవాళ్ళనీ తిట్టడం ఆయన పని. నీళ్ళకి ఆగితే కేక, నడుం పట్టుకుంటే కేక. ఆ నల్లగుడ్డ దూరాన కనిపించగానే మనవాళ్ళలో ఎవరో ఒకరు గొంతు తగ్గించి "గొడుగొస్తంది" అనేవారు. బాబుకి తెలుగు రాదు కాబట్టి బెంగ లేదు. పైగా 'బాబుగారు వస్తున్నారు' అనే మర్యాద కూడా తప్పింది. అంతటి మనిషినీ 'అది' చేసి పారేసి, ఆ వెంటనే వంగి వంగి సలాం కొట్టేవారు.

మెల్లగా ఆ మాటకి కాళ్ళొచ్చాయి. రేషన్ షాపులో కసిరేవాడు గొడుగు. మా బళ్ళో బెత్తం తిప్పే మాస్టారు గొడుగు. ఎవరైనా పెత్తనం మొదలుపెడితే గొడుగు విప్పినట్టు. మా అమ్మ మరీ గదమాయిస్తే నాన్న, "ఒలే, గొడుగు ముడిసీ" అనేవాడు. అమ్మ గరిటె చూపించేది.

ఒకరోజు బాబుకే అనుమానం వచ్చిందట. గొడుగంటే ఏమిటని నాన్నని నిలదీశాడు. నాన్నకి ముచ్చెమటలు పట్టాయి. "పెద్దమనిషి అని బాబూ, మా ఊళ్ళో జమీందార్లని అలాగే పిలుస్తారు" అనేశాడు. బాబు మొహం చాటంత అయింది. మర్నాడు కొత్తగా చేరినవాళ్ళ ముందు గుండె మీద చెయ్యేసుకుని, "ఆమి తోమాదేర్ గొడుగు" అన్నాడు, నేను మీ గొడుగునని. నవ్వు ఆపుకోలేక మనవాళ్ళు తలగుడ్డలు నోట్లో కుక్కుకున్నారు. ఈ కథ చెప్పకుండా మా ఇంట్లో ఏ పండగా గడవదు, చెప్పిన ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వుతాం.

అందుకే సాల్ట్ లేక్‌లో మా ఆఫీసువాళ్ళు నన్ను ఎనిమిది మంది మీద టీమ్ లీడ్‌ని చేసినప్పుడు ఇంట్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు. జీవితమంతా గొడుగుల్ని చూసి నవ్విన మనిషికి కూతురే గొడుగై కూర్చుంటే ఏం బాగుంటుంది? ఆయన నవ్వు నా దగ్గరకొచ్చేసరికి ఆగిపోతుందేమోనని భయం. వారం రోజులు దాచి చివరికి చెబితే, నాన్న టీ గ్లాసు కింద పెట్టి, "మరి ఛాతా కొనుక్కున్నావేటి?" అన్నాడు. ముగ్గురం నవ్వాం. నేను కాస్త తక్కువ నవ్వాను.

నేను అలాంటిదాన్ని కాదని చూపించుకోవాలి కదా! ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర మా టీమ్ వాళ్ళకి ఈ కథంతా చెప్పాను. బెంగాలీ పిల్లలు పడీపడీ నవ్వారు. మాటని తమ నోటికి తగ్గట్టు 'గోరుగు' చేసుకున్నారు. నా మంచితనానికి నేనే మురిసిపోయాను.

ఇంతలో దుర్గాపూజ దగ్గరపడింది. మేం పని చేసిపెట్టే విదేశీ కంపెనీకి పూజా లేదు, సెలవూ లేదు. రోజుకొకరు ఆఫీసులో ఉండాలి. అష్టమి రోజుకి అందరికన్నా కొత్తగా చేరిన అమ్మాయి పేరు రాశాను. అష్టమి పొద్దున్న అమ్మవారికి పూలతో అంజలి ఇవ్వకపోతే ఈ ఊరివాళ్ళకి పండగ చేసుకున్నట్టే ఉండదు. ఆ అమ్మాయి వచ్చి, "దీదీ, ఆ ఒక్క పూట వదిలితే అమ్మతో కలిసి అంజలి ఇచ్చి వస్తాను" అంది. నేను కంప్యూటర్ మీంచి తలెత్తకుండా, "పండగ అందరికీ ఉంటుంది" అన్నాను. చాలా న్యాయంగా మాట్లాడానని కూడా అనుకున్నాను.

మర్నాడు టీ తాగి వస్తుంటే తలుపు అవతల ఎవరో గొంతు తగ్గించి అనడం వినిపించింది. "గోరుగు ఆశ్ఛే." గొడుగొస్తంది. నేను తలుపు తీసేసరికి ఎనిమిది మందీ బుద్ధిగా కీబోర్డుల మీదకి వంగి ఉన్నారు.

సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబితే నాన్న పగలబడి నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ, "మన మాట బెంగాలీలోకి ఎల్లిపోనాదే! ఇంతకీ నువ్వేటి సేసినావు?" అన్నాడు. అష్టమి సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ నేను భయపడింది సరిగ్గా దానికే.

"ఆ బాబుకి అర్తం తెల్దు. రిటైరైపోయీదాకా సంబరపడ్డాడు, పాపం" అన్నాడు నాన్న. "నీకు తెలుసు కదే."

నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. పొద్దున్నే ఆఫీసుకెళ్ళి ఆ అమ్మాయి పేరు కొట్టేసి నా పేరు రాసుకున్నాను.

అష్టమి పొద్దున్న ఆఫీసులో నేనూ, సెక్యూరిటీ ఆయనా, ఎక్కడో పూజ పందిట్లోంచి వినబడే ఢాక్ డోళ్ళ మోతా. పదకొండింటికి ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. ఎర్రంచు తెల్లచీరల్లో ఆ అమ్మాయీ వాళ్ళమ్మా, దోసిళ్ళలో పువ్వులు. కింద 'శుభో అష్టమి, గోరుగుదీ!' అని రాసి ఉంది. గొడుగక్క! కుర్చీలోంచి లేచి గంతేశాను. ఇంటికి ఫోన్ చేసి చదివితే నాన్న, "దీ కూడా తగిలించినారా! ఆ బాబుకి అంత బాగ్గెం పట్టనేదు" అని మురిసిపోయాడు.

సాయంత్రం మా సందు మొదట్లోకి రాగానే, అరుగు మీద కూర్చున్న నాన్న నన్ను చూశాడు. మా భాషలో కూతురికైనా గొడుగుకైనా 'వచ్చింది' ఒకటే. ముప్పై ఏళ్ళు గొంతు తగ్గించి అన్న మాటని ఆయన లోపలున్న అమ్మకి వీధంతా వినబడేలా అరిచి చెప్పాడు. "ఒలే, గొడుగొచ్చినాదే! బువ్వెట్టు!"

పక్కనే కూర్చున్న ఆయన డాక్ స్నేహితులిద్దరూ గభాలున లేచి నిలబడి, బీడీలు వీపు వెనక దాచేశారు.