అజాబ్ ఘర్‌లో ఇసుర్రాయి

ఉట్నూరు ఆఫీసు జీపు మా బడి ముందు ఎప్పుడూ ఆగదు. మొన్న ఆగింది. డ్రైవరు దిగి, తలగుడ్డ విప్పి చేత పట్టుకుని, "టీచరమ్మా, మీ పెద్దబాపు పోయిండట. కరీంనగర్ నుంచి కబురచ్చింది" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. అతడు, "గా మ్యూజియం పెద్దమనిషేనా? చిన్నప్పుడు మా బాపు నన్ను గాడికి తోలుకపోయిండు. మగ్గం మీద కూసోబెట్టిండ్రు" అన్నాడు. ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు. ఈ అడవుల్లో కూడా మా పెద్దబాపుకు చుట్టాలున్నారు!

మా బాపుకు అన్న ఆయన. కరీంనగర్ జిల్లాలోని మా తాలూకా ఊళ్లో ఉన్న చిన్న మ్యూజియానికి ఆయనే అధికారి, ఆయనే చప్రాసీ. గొంతు పెద్దది, మీసం ఇంకా పెద్దది, చెప్పుకునే గొప్పలు ఆ రెండింటికంటే పెద్దవి. పొద్దున్నే తలుపు తీసి రాతి విగ్రహాలను పేరుపేరునా "నమస్తే, మంచిగున్నరా?" అని పలకరించేవాడు. ఇదేం పిచ్చి పెద్దబాపూ అంటే, "సూసెటోడు లేకుంటే దేవుడు సుత రాయే బిడ్డా. పలకరిస్తె ఏం పోతది?" అనేవాడు.

ఆ చూసేవాళ్లే లేరు. అదే ఆయన బాధ. అప్పట్లో మ్యూజియాన్ని అజాయబ్ ఘర్ అనేవారు, వింత వస్తువుల ఇల్లు అని. మా ఊరి నోళ్లలో పడి అది అజాబ్ ఘర్ అయి కూర్చుంది. అజాబ్ అంటే నరకయాతన! నోరు జారిన మాటే, కానీ ఊరికే అతుక్కోలేదు. నిజాం జమానాలో ఆ బంగ్లా ఖైదీల కొట్టు. సర్కారుకు కట్టాల్సిన లెవీ గింజలు ఇవ్వలేదని మా తాతను అందులోనే పెట్టారు. తిరిగొచ్చిన తాత మళ్లీ నాగలి పట్టలేదు, ఆ ఏడే పోయాడు. మా బాపమ్మ ఆ వీధి మొహమే చూసేది కాదు. కొడుకు అక్కడే నౌకరీకి కుదిరితే, "గా ఇంటి జీతం తింటవా?" అని చాలా రోజులు పలకడం మానేసింది. కన్నతల్లే రాని చోటికి పరాయివాళ్లెందుకు వస్తారు?

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో పైనుంచి హుకుం వచ్చింది. జనం రాని మ్యూజియం దండగ, పెద్దాఫీసరు వచ్చి చూస్తాడు, అవసరం లేదనిపిస్తే విగ్రహాలను హైదరాబాద్ పట్టుకుపోయి బంగ్లాను గోదాము చేస్తారు. పెద్దబాపుకు అన్నం సహించలేదు. తర్వాత ఏమనుకున్నాడో, మీసం దువ్వుకుని అంగడినాడు బజారున పడ్డాడు. "ఇంటికో వస్తువు, వస్తువెంట మనిషి! పిల్లజెల్లతోని రాండ్రి!" అని కూరగాయలమ్మేవాళ్లను మించి అరిచాడు. ఎవరింట్లోది వాళ్లే తేవాలి, వాళ్లే చేసి చూపాలి, పక్కింటి పిల్లలతో చేయించాలి. అదీ ఆయన ఎగ్జిబిషన్. "ముట్టరాదు" అన్న బోర్డును పీకి పొయ్యిలో పెట్టాడు.

పెద్దాఫీసరు వస్తానన్న రోజు మ్యూజియం వాకిలంతా జాతరే. సాలెవాళ్లు మగ్గం దింపారు, కుమ్మరి సారె తిప్పాడు. అప్పుడు చిన్నపిల్లనైన నేను మగ్గం మీద విసిరిన నూలు నాడె ఎగిరి ఎవరి కాళ్ల మీదో పడింది. తలెత్తితే పెద్దాఫీసరు! పాపం, నవ్వి తీసిచ్చాడు. కానీ వెంటనే తలుపు వైపు చూసి, "లోపలికి ఎవ్వరూ పోవడం లేదే?" అన్నాడు. నిజమే, ఇంతమందిలో ఆ గడప దాటడానికి ఎవరికీ కాళ్లు రాలేదు. లోపల, ఒకప్పటి ఖైదీల కొట్టులో, పెద్దబాపు ఒక్కడే ఇసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు ఇసురుతున్నాడు.

ఆ ఇసుర్రాయి బాపమ్మది. చెప్పకుండా ఎత్తుకొచ్చాడు. కొంగు నడుముకు చెక్కుకుని బాపమ్మ రానే వచ్చింది. "నా ఇసుర్రాయేదిరా, దొంగసచ్చినోడా?" జనం దారిచ్చారు. గడప ముందు టక్కున ఆగిపోయింది. అవతల కొడుకు గుప్పెళ్లకు గుప్పెళ్లు జొన్నలు గుమ్మరిస్తున్నాడు.

"నీ చేతులిరగ! గట్ల పోస్తె పిండైతదారా? రవ్వయితది! జరుగు, జరుగవతలికి!" అంటూ లోపలికి ఉరికి, ఆయన్ను తోసి, తాను కూర్చుంది. పిడి పట్టుకున్నాక గానీ తానెక్కడున్నదో ఆమెకు తెలియలేదు.

గోడల వంక చూసింది. "గీ అర్రలనేనారా, మీ బాపునుంచింది?"

"ఔనవ్వా." అంత పెద్ద గొంతూ పీలగా అయిపోయింది.

బాపమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గింజల కోసమే గదా పెట్టిండ్రు. సూడుండ్రి, మా గింజలు మేమే ఇసురుకుంటున్నం గీడ!" అని పిడి తిప్పి, ఇసిరేటప్పటి పాట ఎత్తుకుంది. ఆ పాటకు వంత లేకుంటే కుదరదు. వాకిట్లో ఆడవాళ్లు వంత అందుకున్నారు. పాట అందుకున్నాక కాళ్లు ఆగుతాయా? పిల్లల్ని చంకనేసుకుని గడప దాటి బిలబిలా వచ్చేశారు. మగ్గం కూడా లోపలికొచ్చింది. పెద్దాఫీసరు గోడకు అతుక్కుపోయి, "ఇక్కడి రాయి ఒక్కటీ కదలదయ్యా!" అని అరిస్తే, "మా ఇసుర్రాయి సుతనా సార్?" అన్నాడు పెద్దబాపు. గెలిచాం! నేను గంతులేశాను.

కావాలనే తప్పుగా పోశావా అని ఎన్నోసార్లు అడిగాను. మీసం దువ్వుకునేవాడే గానీ జవాబు చెప్పలేదు, ఇక చెప్పడు. ఇక్కడి గోండు పిల్లలకు పాఠం మొదలుపెట్టే ముందు ఇంటి నుంచి ఒక వస్తువు తెమ్మంటాను. అది ఆయన నేర్పిందే.

ఎగ్జిబిషన్ జరిగిన ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయారు. తాళం చెవులు పట్టుకుని పెద్దబాపు, "అవ్వా, బందు చెయ్యాలె. ఇంటికి పోదాం పా" అన్నాడు.

"ఉండురా, ఇంకిన్ని ఉన్నయి."

తల్లిని లోపలికి తేలేక ఏళ్లతరబడి కుమిలిన మనిషి, ఇప్పుడు బయటికి తేలేక పగలబడి నవ్వాడు. తాళం చెవులు జేబులో వేసుకుని ఆమె ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆమె ఇసురుతుంటే, పిల్లవాడిలా ఆమె మొహమే చూస్తూ, కొన్ని కొన్నిగా జొన్నలు పోస్తూ ఉండిపోయాడు.