పదకొండో గడి

రాయబోయే ముందు అశ్వత్థప్పగారు పెన్నును గాలిలో రెండుసార్లు విదిలించేవారు. మొదటి చుక్క కాగితం మీద పడేది. రెండోది నా చీర మీద.

అది పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది, బెంగళూరు. మా కోర్టులో విడాకుల కేసు నడవాలంటే ఆలుమగలు ముందు మూడుసార్లు కౌన్సెలరైన ఆయన ఎదుట కూర్చుని మాట్లాడుకోవాలి. ఆయన చేత్తో ఒక పత్రం నింపేవారు. నేను దాన్ని కార్బన్లు పెట్టి నాలుగు ప్రతులు టైపు కొట్టేదాన్ని. సిరా పడని పత్రం ఒక్కటీ నా బల్ల మీదికి రాలేదు.

"మా నాయన కాలం పెన్ను, శాంతమ్మా. కారతాది."

"ఇంక దానికి పెన్షన్ ఇప్పించండి సార్."

అందరం కలిసి బాల్‌పెన్ను కొనిచ్చాం. దాంతో చెవి గోక్కున్నారు. లాయర్లు నల్లకోటు వేసుకునేది ఈయనకు భయపడేనని మా హెడ్‌క్లర్కు సొన్నప్ప అనేవాడు. అన్నాక, సిరాలో మునిగి చదవరాని గడికి నన్నే తిట్టేవాడు.

"మళ్ళా ఒక గడి ఖాళీగా ఉండాదే! నిద్రపోతా కొట్టినావా?"

ఒకనాడు చంద్రశేఖర్, రాధిక రెండో విడతకు వచ్చారు. యలహంక వాళ్ళు. ఏడాదిగా వేరువేరుగా ఉంటున్నారు, లాయర్ల ద్వారా తప్ప మాట్లాడుకోరు. కూతురు స్పందనకు తొమ్మిదేళ్ళు. వరండాలో తండ్రి ఒక చెవిలో "సైకిలు కొనిస్తా, నాయన అని చెప్పు" అన్నాడు. అతను అటు పోగానే తల్లి రెండో చెవిలో "అమ్మ అని చెప్పు, నా బంగారు కదా" అంది.

అశ్వత్థప్పగారు పాపను ఒంటరిగా లోపలికి పిలిచారు. పాప ఏదో గొణిగింది. ఆయన రాసుకున్నారు. పెన్ను విదిలించారు. రాసింది మునిగిపోయింది.

"పాప ఏమన్నాది సార్? నోటితో చెప్పండి, కొడతాను."

"మరిచిపోయినానమ్మా."

ప్రతి జంటనూ పెళ్ళిలో ఏం వడ్డించారని అడిగి, ఏళ్ళ తరవాత కూడా వరసగా అప్పజెప్పే మనిషి, పది నిమిషాల కిందటి మాట మరిచిపోయారట.

నాకు ఒళ్ళు మండింది. ఆయన కాఫీకి పోగానే బీరువాలోని పాత పత్రాలన్నీ తీశాను. నలభై పత్రాలు. నలభై మరకలు. అన్నీ పదకొండో గడిలోనే. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలనుకుంటున్నది, అన్న గడి.

ఆయన పెన్నుతో ఒక పేజీ నిండా నా పేరు రాశాను. ఒక్క చుక్క కారలేదు.

తిరిగొచ్చిన ఆయన ఆ పేజీ చూశారు. దొరికిపోయిన పిల్లాడిలా కూర్చున్నారు.

"జడ్జిగారికి కావాలంటే బిడ్డను లోపలికి పిలిచి అడుగుతారు. ఈ ప్రతులు అమ్మకొకటి, నాయనకొకటి పోతాయి గదమ్మా. ఆ బిడ్డ ఎవరింటికి పోయినా, కాగితం ముందే పోయి కూర్చోని ఉంటాది."

"నాకు చెప్పుంటే నేనే ఖాళీగా వదిలేదాన్ని కదా సార్. నా చీరలేం చేశాయి?"

"చీర మీద పడకపోతే పెన్ను కారతాదని ఎవరు నమ్ముతారమ్మా?"

మరునాడు ఉదయం మూడో విడత. చంద్రశేఖర్ వస్తూనే బల్ల మీదికి వంగాడు.

"నా కూతురు ఏమన్నాదో నాకు తెలియాల సార్! తెలిసేదాకా కదలను."

ఆ పూట రాయడానికింకా ఏమీ లేదు. అయినా అశ్వత్థప్పగారు పెన్ను తీసి విదిలించారు. చంద్రశేఖర్ తెల్లచొక్కా జేబు మీద నీలం చుక్క పడి పెద్దదయింది. అతను నీళ్ళ చెంబు అందుకున్నాడు.

"నీళ్ళు పోయొద్దు, పాకుతాది!" రాధిక అరిచింది. "ఇంటికి పోయి నిమ్మకాయ రుద్దు."

"ఇంట్లో నిమ్మకాయ యాడుండాది?"

"ఫ్రిజ్ కింది అరలో పెట్టినా కదా."

"అవా? ఎండిపోయి ఉండాయి. నువ్వు పోయిన రోజువే."

తలుపు దగ్గరున్న స్పందన కిసుక్కున నవ్వింది. రాధిక నవ్వు ఆపుకోబోయి దగ్గింది.

రెండో చుక్క ఎక్కడ పడిందో చెప్పనక్కర్లేదు. అశ్వత్థప్పగారు పెన్నుకు మూత పెట్టి నావైపు తిరిగారు.

"చర్చలు మొదలైనాయి అని కొట్టమ్మా."