గుడ్ల పెట్టె పక్కన సైలెన్సర్

1961లో హోసూరులో కృష్ణగిరి రోడ్డు మీద నాకు ఒక చిన్న మోటారుసైకిల్ షెడ్డు ఉండేది. ముందు రేకుల పంచ, వెనక మా నాన్న కొలిమి. నాన్న నాగలి కర్రులు సాగగొట్టేవాడు. నేను బెంగుళూరు గ్యారేజీలో ఆరేళ్ళు పనిచేసి వచ్చి ఇంజన్లు విప్పేవాణ్ణి. అప్పట్లో తాలూకా మొత్తం మీద మోటారుసైకిళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ప్రతిదాని దగ్గూ తుమ్మూ నాకు తెలుసు. తల ఎత్తకుండానే, శబ్దం విని, ఫలానావారి బండి వస్తోందని చెప్పేసేవాణ్ణి. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే ఉండేది. అది ఎలా దిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ బండ్లన్నిటిలో ఎక్కువ తిరిగేది సీతారామయ్య గారిది. ఆయన పట్టుపురుగుల డెమాన్‌స్ట్రేటర్. అంటే ఊరూరా తిరిగి రైతులకు పట్టుపురుగుల గుడ్లు ఇచ్చి, పెంపకం నేర్పే ఉద్యోగి. గుడ్లంటే కోడిగుడ్లు అనుకునేరు! రెక్కపురుగు కాగితం మీద పెట్టిన, ఆవగింజకంటే చిన్న చుక్కలు. ఆ కాగితాలను చెక్కపెట్టెలో పెట్టి, బండి క్యారియర్‌కు కట్టుకుని, శూలగిరి, అత్తిముగం మీదుగా వేప్పనపల్లి దాకా పోయేవాడు. బండి యుద్ధంలో తిరిగి వేలానికి వచ్చిన మిలిటరీ మోటారుసైకిల్. ఇంజను ఉక్కు ముక్క. సైలెన్సర్ మాత్రం తుప్పుపట్టి జల్లెడ అయిపోయింది.

ఒకరోజు ఆయన ఆ జల్లెడను చూపించి, "ఆచారీ, దీనికి వేరేది చూడప్పా. మొన్న అత్తిముగం వంకలో నీళ్ళు లోపలికి పోయి బండి నడిమధ్యలో నిలిచిపోయినాది. పెట్టె నెత్తిన పెట్టుకొని ఒడ్డు చేరినాను" అన్నాడు.

కంపెనీ సైలెన్సర్ ఎప్పుడో దొరకడం మానేసింది. ఇక బయటిది వెతకాలి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. చాలామంది సైలెన్సర్ అంటే చప్పుడు తగ్గించే డొక్కు రేకు అనుకుంటారు. కాదు. సిలిండర్‌లోంచి వచ్చే పొగ పోతూపోతూ కొంచెం వెనక్కి తోస్తుంది. దాన్నే బ్యాక్ ప్రెషర్ అంటారు. అది మరీ ఎక్కువైతే ఇంజను ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అసలు లేకపోతే బండి అరుస్తుందే గానీ ఎత్తు ఎక్కలేదు. లోపల బ్యాఫిల్ అనే అడ్డురేకులు ఎన్ని ఉన్నాయి, గొట్టం పొడవెంత, లావెంత అని చూసి ఇంజనుకు తగినది ఎంచాలి. పిల్లకు సంబంధం చూసినంత పని అది.

నేను బెంగుళూరు గుజరీకి, అంటే పాతసామాన్ల బజారుకు వెళ్ళాను. అక్కడ చేపతోకలా చీలిన సైలెన్సర్ ఒకటి చూశాను. చూడ్డానికి అందంగానే ఉంది, కానీ దాని చప్పుడుకు సంతకు పోయే ఎద్దులు బండి తిరగేస్తాయి. సన్నంగా పొడుగ్గా ఉన్నది ఇంకొకటి దొరికింది. వేలి కణుపుతో తట్టి చూస్తే లోపల బ్యాఫిళ్ళు గట్టిగా ఉన్నాయి. అది తెచ్చాను. అయితే కింద బిగిస్తే మళ్ళీ వంకలో మునుగుతుంది కదా! బెంగుళూరులో ఉన్నప్పుడు ఒక పందెం బండికి గొట్టం పైకి వంచి, సీటు పక్కగా పోనివ్వడం చూశాను. అలాగే చేద్దామనుకున్నాను. నాన్న కొలిమిలో గొట్టం కాల్చి, ఇసుక నింపి వంచి, ఇత్తడితో అతికి, సీటు పక్కనుంచి క్యారియర్ వెంట వెనక్కి పోయేలా బిగించాను. గొట్టానికీ గుడ్ల పెట్టెకూ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉంచి, ఒక రేకు అడ్డం కట్టాను.

వేడి సంగతి నేను మరిచిపోలేదు. అది మాత్రం రాసుకోండి. బండిని పది మైళ్ళు తిప్పి వచ్చి, పెట్టె మూత తీసి, అరచెయ్యి లోపల పెట్టి చూశాను. చల్లగానే ఉంది. రెండోసారి కూడా చూశాను. నాన్నను పిలిచి చూపించాను. ఆయన కూడా చెయ్యి పెట్టి, "ఏం వేడిరా, ఏమీ లేదు" అన్నాడు.

సీతారామయ్య గారు మోకాలిలోతు నీళ్ళలో దడదడమని దాటిపోయి వచ్చి నన్ను మెచ్చుకున్నాడు. నేను ఆ గొట్టాన్ని వచ్చినవాడికల్లా చూపించుకున్నాను.

ఆరు నెలల తర్వాత, సంత రోజు, ఆయన షెడ్డులోకి వచ్చాడు. వెంట ఒక ఆవిడ ఉంది. నలభై అయిదేళ్ళు ఉంటాయి, భుజాన సంచి, కాళ్ళకు దుమ్ము. ఆయన నా ముఖం చూడకుండా, "ఈమె నరసమ్మ. వేప్పనపల్లి పక్క పల్లె. మన బండి గురించి మాట్లాడల్ల అంటాంది" అన్నాడు.

నరసమ్మకు బావి కింద అర ఎకరం మల్బరీ తోట ఉంది. భర్త పోయాక ఆ ఆకుతోనే పురుగులు మేపి ఇద్దరు ఆడపిల్లలను సాకుతోంది. వరసగా రెండు పంటలు గుడ్లు సరిగా పగలలేదు. పగిలినవీ ఒకేసారి పగలక, కొన్ని ఈరోజు, కొన్ని ఎల్లుండి వచ్చాయి. అట్లా ముందూ వెనకా వచ్చిన పురుగులను మేపడం ఎవరి తరమూ కాదు. పై ఉద్యోగులు రైతుల అశ్రద్ధ అని రాశారు. ఊళ్ళోవాళ్ళు దిష్టి అన్నారు. మరిది మాత్రం తోట పెరికి రాగి వేద్దామని నాగలి సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. ఇంకొక పంట చూసి అప్పుడు చెప్తానని ఆమె గడువు అడిగింది.

ఆ సంగతంతా చెప్పి నరసమ్మ సంచిలోంచి రెండు కాగితాలు తీసింది. ఒకదాని మూలన కుంకుమ బొట్టు, ఇంకోదాని మూలన పసుపు బొట్టు.

"చూడు ఆచారప్పా. ఈ రెండో పంటకు రెండూ ఒకే నాడు, ఈ సామి చేతినుంచే తీసుకొన్నాను. కుంకుమది నా ఒళ్ళో పెట్టుకొని బస్సులో పోయినాను, కృష్ణగిరిలో బస్సు మారి. పసుపుది సామి బండిలో పంపించినాను. ఒకే ఇల్లు, ఒకే బుట్ట, ఒకే చెయ్యి. ఇప్పుడు చూడు" అంది.

గుడ్డు పగిలితే చుక్క తెల్లబడుతుంది, పగలకపోతే నల్లగానే ఉండిపోతుంది. కుంకుమ బొట్టు కాగితం బియ్యం ఆరబోసినట్టు తెల్లగా ఉంది. పసుపుదాంట్లో సగానికి సగం నలుపే.

అక్షరం రాని మనిషి. దేవుణ్ణీ దిష్టినీ పక్కన పెట్టి, రెండు బొట్లు పెట్టి, తప్పు ఎక్కడుందో వెతికింది. ఇప్పుడు తలుచుకుంటే చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఆరోజు మాత్రం నాకు మండింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్నట్టు, "అమ్మా, ఆ పెట్టెలో నేను చెయ్యిపెట్టి చూసినాను. చల్లగా ఉండాది. మీ ఇంట్లో పొయ్యి పక్కన పెట్టినావేమో గుర్తు చేసుకో" అన్నాను.

సీతారామయ్య గారు కోపంగా తలెత్తాడు. "పొయ్యి మాట ఎత్తొద్దు ఆచారీ. పురుగు నిద్రలో ఉంటే ఆ ఇంట్లో తిరగవాత కూడా పెట్టరు. తప్పు నా బండిదైతే నా బండిదే అని రాసిస్తాను. ముందు అది తేలనీ."

నరసమ్మకు కోపం రాలేదు. "ఎందుకప్పా మాటలు? ఒకసారి తిప్పుకొని రా" అంది. పెట్టెలో ఒక తెల్లగుడ్డ మడిచి పెట్టింది. నేను విసురుగా బండి తన్ని, మూకండపల్లి దాటి పోయి, శూలగిరి దగ్గర తిప్పుకుని వచ్చాను. ఎండ కూడా పెద్దగా లేదు. మూత తీసి, ముందు నేనే చెయ్యి పెట్టాను. చల్లగానే ఉంది. "చూడు" అన్నాను.

ఆమె ముందు వంగి వాసన చూసింది. "పొగ లేదు" అంది. తర్వాత ఆ గుడ్డ తీసి, కళ్ళు మూసుకుని, కనురెప్పకు ఆనించింది. అలాగే కాసేపు నిలబడింది. గుడ్డ నాకు ఇచ్చి, "నువ్వూ ఇట్లనే పెట్టి చూడు" అంది.

పెట్టాను. జ్వరం వచ్చిన బిడ్డ నుదురు తగిలినట్టు తగిలింది.

వెంటనే చేత్తో పట్టి చూస్తే ఏమీ తెలియలేదు. మళ్ళీ రెప్పకు పెడితే వెచ్చగా ఉంది. చిన్నప్పటినుంచి కొలిమి దగ్గర కాలి, సుత్తి పిడికి రాసుకుని మొద్దుబారిన చేతులు నావి. నాన్నవి అంతకంటే అన్యాయం. నిప్పుల్లోంచి ఇనుము తీసేవాళ్ళిద్దరం కలిసి పట్టుగుడ్ల పెట్టెను పరీక్ష చేశామన్నమాట! నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆరు నెలలుగా నేను ఎన్ని ఇళ్ళ గుడ్లు ఉడకబెట్టానో!

"చేతిని నమ్మితే ఎట్లప్పా? పని చేసిన చేతికి ఎండా వానా ఒకటే. చలికాలం పురుగుల గదిలో కుంపటి పెడితే మేము రెప్పతోనే చూసుకొంటాము. అది పని చెయ్యదు కదా, నిజం చెప్తాది" అంది నరసమ్మ.

క్షమించమని అడిగాను. ఆమె అదేమీ పట్టించుకోలేదు. గొట్టం చుట్టూ తిరిగి చూస్తూ, "దీన్ని ఎందుకు ఇంత పైకి కట్టినావు?" అని అడిగింది.

"వంక దాటల్ల కదమ్మా."

"వంక ఎంతసేపు దాటుతారు?"

"ఎంతసేపు! చుట్ట కాల్చినంత సేపు కూడా పట్టదు" అన్నాడు సీతారామయ్య గారు.

ఆమె ముసిముసిగా నవ్వింది. "నీళ్ళు దాటేటప్పుడు మేమూ చీర ఎగగట్టుకొంటాము సామీ. దాటినంక దించేస్తాము. ఊరంతా ఎగగట్టుకొనే తిరుగుతామా?"

సీతారామయ్య గారు నన్ను చూశాడు, నేను ఆయన్ను చూశాను. గ్యారేజీలో ఆరేళ్ళు నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాట ముందు చిన్నబోయింది. నాకు తోచవలసిన మాట, ఎన్నడూ బండి ఎక్కని మనిషి నోట వచ్చింది.

ఆరోజే పని మొదలుపెట్టాను. పైగొట్టం కోసేసి, సైలెన్సర్‌ను అందరి బండ్లకు ఉన్నట్టే కిందికి, పెట్టెకు దూరంగా బిగించాను. మోచెయ్యిలా వంగిన రేకుగొట్టం ఒకటి విడిగా చేశాను. వంక వచ్చినప్పుడు బండి ఆపి, సైలెన్సర్ కాస్త చల్లారాక, దాన్ని తోకకు తగిలించి, రెండు వింగ్ నట్లు బిగించాలి. వింగ్ నట్ అంటే స్పానర్ లేకుండా వేళ్ళతో తిప్పే చెవుల నట్టు. పొగ పైనుంచి పోతుంది, నీళ్ళు లోపలికి రావు. దాటాక విప్పి, గోనెగుడ్డలో చుట్టి ముందు హ్యాండిల్‌కు కట్టేసుకోవచ్చు. తర్వాతి వారం అత్తిముగం వంక దాకా నేనే వెంట పోయాను. సీతారామయ్య గారు ప్యాంటు మడిచి, గొట్టం తగిలించి, "చీర ఎగగట్టినాము పద" అంటూ దాటేశాడు.

తర్వాతి సంత రోజు నరసమ్మ మూడో పంట గుడ్లకోసం వచ్చింది. బండిని తిప్పి తెచ్చి, పెట్టె మూత తీసి, గుడ్డ ఆమె ముందు పెట్టాను. "నువ్వు చూసి చెప్పమ్మా" అన్నాను.

"నాది ఎందుకప్పా? నీకూ రెండు రెప్పలు ఉండాయి కదా" అంది.

పెట్టుకున్నాను. కడవ పక్కన ఆరేసిన గుడ్డలా చల్లగా ఉంది. ఆమె మళ్ళీ రెండు కాగితాలకు బొట్లు పెట్టింది. కుంకుమది తన ఒళ్ళోకి, పసుపుది పెట్టెలోకి. ఆ కాగితాలు పోయిన రోజునుంచి నాకు అన్నం సహించలేదు. ఆ పంట పోతే పోయేది ఆమె తోట. పోగొట్టినవాణ్ణి నేను.

పన్నెండో రోజో పదమూడో రోజో సీతారామయ్య గారి బండి చప్పుడు వినిపించింది. ఆరోజు తల ఎత్తకుండా ఉండలేకపోయాను. ఆయన దిగీ దిగకముందే జేబులోంచి రెండు కాగితాలు తీసి బల్లమీద పరిచాడు. "నీకు చూపించమని ఇచ్చి పంపించినాది. మరిదిని నాగలి ఇంకో చేనికి తోలుకోమని చెప్పినాదంట" అన్నాడు. రెండూ తెల్లగా ఉన్నాయి. మూలన ఉన్న బొట్టు చూస్తే తప్ప, బస్సులో పోయింది ఏదో, బండిలో పోయింది ఏదో చెప్పలేకపోయాను. ఆయన కూడా అన్నమాట నిలబెట్టుకున్నాడు. రెండు పంటల తప్పూ రైతులది కాదు, నా బండిది అని పైకి రాసి పంపాడు. అది రాయడానికి ఎంత గుండె కావాలో ఉద్యోగం చేసినవాళ్ళకు తెలుస్తుంది.

ఆ తర్వాత ఎన్నో బండ్లకు సైలెన్సర్లు ఎంచి పెట్టాను. అప్పటినుంచి ఇంజను సంగతి అడిగేముందు, ఈ బండి మీద ఏం పోతుంది, ఎవరు పోతారు అని అడగడం అలవాటైంది. పని అయ్యాక సీటుకో పెట్టెకో ముఖం ఆనించి కళ్ళు మూసుకుంటే, బండికి ముద్దు పెడుతున్నాడని కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకునేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు గడిచేసరికి నా చేతులు నాన్న చేతుల్లా అయిపోయాయి, టీ గ్లాసు వేడి కూడా తెలిసేది కాదు. రెప్పలు మాత్రం నరసమ్మ చెప్పినట్టే నిజం చెబుతూ వచ్చాయి.