బావిలోకి దిగిన పెట్రోలు

2022 ఎండాకాలం. నేను పనిచేసే ఇంధన కంపెనీకి నగరమంతా పెట్రోలు బంకులున్నాయి. అప్పుడే సోలార్ వ్యాపారం కూడా మొదలుపెట్టింది. నాది సీఎస్‌ఆర్ విభాగం. లాభాల్లో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టాలని చట్టం చెబుతుంది. ఆ ఖర్చు ఎక్కడ, ఎవరి కోసం అన్నది చూసేది మేము. బడులకు బెంచీలు, ఆసుపత్రులకు యంత్రాలు, బస్తీలకు మంచినీళ్ల ప్లాంట్లు. ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే, మంచి పనులు చేసినందుకు జీతం తీసుకుంటానని నవ్వుతూ చెప్పేదాన్ని.

ఆ ఏడు ఎల్బీనగర్ వైపు ఒక కాలనీలో నీళ్ల ప్లాంటు పెట్టాలనుకున్నాం. అలాంటిది పెట్టే ముందు నీడ్ అసెస్‌మెంట్ చేస్తాం. అంటే ఇంటింటికీ తిరిగి, వాళ్లకు నిజంగా ఏది అవసరమో అడిగి తెలుసుకోవడం. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటికి దగ్గరే కాబట్టి నేనే వెళ్లాను. ఆ కాలనీ ఒకప్పుడు పొలాలున్న ఊరు. ఇప్పుడు సందు సందునా నాలుగంతస్తుల ఇళ్లు, హాస్టళ్లు. వాటి మధ్య ఒక పాత పెంకుటిల్లు, వెనక రాతికట్టు బావి.

ఆ ఇల్లు అనసూయమ్మది. పొలమంతా ఎప్పుడో ప్లాట్లయిపోయినా ఆమె బావిని మాత్రం పూడ్చనివ్వలేదు. పెరట్లో వరసగా కట్టిన గదుల్లో కిరాయికి ఉన్నవాళ్లందరికీ ఆ నీళ్లే. భర్త పోయాడు. కొడుకు రవీందర్‌కు దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్టేషన్ దగ్గర సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఉంది.

నేను వచ్చిన పని చెప్పగానే ఆమె లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"తాగకు బిడ్డా. జర వాసన చూడు."

పెట్రోలు. అనుమానం అక్కర్లేదు. చెంబు కాస్త వంచితే నీళ్ల మీద రంగుల పొర కదిలింది.

"ఎప్పటి నుంచి అమ్మా ఇలా?"

"చలికాలం సంది. మొదాలు మోటారు ఖరాబైందనుకున్నం. మెకానిక్ ఒచ్చి మంచిగనే ఉందన్నడు. కిరాయికున్నోళ్లు ఒక్కొక్కరే ఖాళీ చేస్తున్నరు. గా మూలకు బంకుంది చూడు, మీ కంపెనీదే. పోయి అడిగితే మాకేం సంబంధమన్నరు."

ఆమె చెంబు కింద పెట్టింది.

"గిప్పుడు నువ్వొచ్చి నీళ్ల ప్లాంటు పెడతమంటున్నవు. ప్లాంటెందుకు బిడ్డా? మా బావిల మీ పెట్రోలు పడకుండ చూడుండ్రి, సాలు."

బావి దగ్గర పొయ్యి వెలిగించవద్దని, బీడీ కూడా కాల్చనివ్వవద్దని, మోటారు జోలికి అసలు పోవద్దని ఆమెకు చెప్పాను. సీసాలో నీళ్లు పట్టుకుని ఆఫీసుకు వచ్చాను.

బంకుల వ్యవహారం చూసేది ప్రకాశరావుగారు. పెద్దమనిషి, ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడడు. బంకు కింద భూమిలో ట్యాంకులుంటాయి. రోజూ అందులో ఎంత ఉంది, ఎంత అమ్మారు అన్నది సరిచూస్తారు. తేడా కొద్దిగా ఉంటే ఆవిరైపోయిందని వదిలేస్తారు. లీకు ఉందో లేదో నిజంగా తేల్చాలంటే ప్రెషర్ టెస్ట్ చేయాలి. ట్యాంకు, పైపులు ఖాళీ చేసి, గాలి ఎక్కించి, ఆ ఒత్తిడి తగ్గుతుందేమో చూడాలి. అప్పటిదాకా బంకు మూసెయ్యాలి. అది హైవే పక్క బంకు, ఒక్కరోజు మూసినా అమ్మకాలకు పెద్ద దెబ్బ.

"సుధగారూ, ఆ కాలనీలో మెకానిక్ షెడ్లు ఎన్నున్నాయో చూశారా? ఎవడేం పారబోశాడో మనకేం తెలుసు?" అన్నాడాయన.

"టెస్ట్ చేయిస్తే తెలిసిపోతుంది కదండీ."

"చేయిస్తే మనకే అనుమానం ఉన్నట్టవుతుంది. మీరు ప్లాంటు పని చూడండి. వాళ్లకు కావలసింది నీళ్లేగా?"

నేను ఆ నీళ్లను ల్యాబుకు పంపించాను. పెట్రోలు కలిసిందని తేలింది. ఆ ఫలితం జతచేసి పైవాళ్లందరికీ మెయిల్ పెట్టాను. పరిశీలిస్తున్నామని జవాబు వచ్చింది. మళ్లీ రాస్తే మళ్లీ అదే జవాబు. చివరికి కాలుష్య నియంత్రణ అధికారులకు ఎలా ఫిర్యాదు చేయాలో అనసూయమ్మకు నేనే చెప్పాను. కంపెనీకి తెలిస్తే నా ఉద్యోగం ఉండదని తెలిసే చెప్పాను. ఆ ఫిర్యాదు కూడా ఏదో బల్ల మీద ఆగిపోయింది.

ప్లాంటు పని మాత్రం ఎక్కడా ఆగలేదు. ఎప్పుడూ నెలల తరబడి తిరిగే ఫైలు ఈసారి చకచకా కదిలింది. రిబ్బన్ కట్టారు, ఫ్లెక్సీలు పెట్టారు, ఫొటోలు తీశారు. అనసూయమ్మ రాలేదు. రవీందర్ క్యాను పట్టుకుని అందరికంటే వెనక నిలబడ్డాడు.

"అమ్మ రానంది మేడం. నేను నీళ్లకొచ్చిన," అన్నాడు. సన్నటి మనిషి, నెమ్మదస్తుడు. పగిలిన నా ఫోన్ అంచు చూసి, దుకాణానికి తెస్తే సరిచేస్తానన్నాడు.

ప్లాంటు నీళ్లు తాగడానికే. బట్టలకు, స్నానాలకు ట్యాంకరు రావాలి. ఎండలు ముదిరేసరికి ట్యాంకర్లు దొరకడం కష్టమైంది. ఒక మధ్యాహ్నం గదుల్లోని ఆడవాళ్లు వచ్చి, పిల్లల బట్టలు కుప్పపడ్డాయని, తాగడానికేం కాదని, ఒక్క పది నిమిషాలు మోటారు వేయమని రవీందర్‌ను అడిగారు. స్టార్టరు డబ్బా బావి పక్కనే రేకుల కింద ఉంది. గాలి లేదు. ఎండకు లేచిన పెట్రోలు ఆవిరి ఆ రేకుల కిందే నిలిచి ఉంది. అతను స్విచ్ నొక్కగానే నిప్పురవ్వ పుట్టింది, మంట లేచింది.

ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డు బయట అనసూయమ్మ నేల మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. నన్ను తిడుతుందనుకున్నాను.

"నువ్వు చెప్పినవు బిడ్డా, మోటారు తానికి పోవద్దని. నేను గూడ వానికి చెప్పిన. నీళ్లు లేకుంట మనుషులు ఎన్ని రోజులుంటరు?" అంది.

మరునాడే అధికారులు వచ్చారు. బంకు మూయించి ప్రెషర్ టెస్ట్ చేయించారు. ఒక్క పూటలో తేలిపోయింది. ట్యాంకు నుంచి పంపుకు వెళ్లే పైపు అతుకు దగ్గర తుప్పుపట్టి పోయింది.

రవీందర్ బతికాడు. ముఖం మీద గాయాలు మానాయి. చేతివేళ్లు మాత్రం కాలి ముడుచుకుపోయాయి. కంటికి సరిగా ఆనని మరలు తిప్పి బతికిన చేతులవి.

ఆఫీసులో మీటింగు పెట్టారు. రవీందర్‌కు సీఎస్‌ఆర్ జీవనోపాధి పథకం కింద వైద్యం, దుకాణానికి సాయం ఇద్దామని ప్రకాశరావుగారే ప్రతిపాదించాడు. వార్షిక నివేదికలో ఫొటోతో ఒక పేజీ కూడా వేద్దామన్నాడు.

"మన వల్ల జరిగిన నష్టాన్ని సరిచేయడం సీఎస్‌ఆర్ ఎలా అవుతుందండీ?" అన్నాను.

"ఏ ఖాతా అయితేనేం? అతనికి సాయం అందడం ముఖ్యం కదా," అన్నాడాయన. వినడానికి న్యాయంగానే ఉంది. గదిలో చాలామంది తలలూపారు. ఫొటోకు ఒప్పించే పని నాకే అప్పగించారు.

రవీందర్ ఇంట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు.

"నివేదికల నన్ను ఏమని రాస్తరు మేడం?"

"లబ్ధిదారుడు అని రాస్తారు."

తన చేతుల వైపు చూసుకున్నాడు. "మీ కంపెనీతోని నాకేం లబ్ధి జరిగింది మేడం?" అన్నాడు. కోపంగా కాదు, తెలియక అడిగినట్టే అడిగాడు. "గట్ల రాసేటట్టుంటే నాకేమొద్దు."

వంటింటి గుమ్మంలోంచి తల్లి అందుకుంది. "ఒద్దంటె ఎట్లరా? దవాఖాన ఖర్చు ఎవడు పెట్టాలె? ఇయ్యాలె. గని మాది తప్పైందని ఒప్పుకొని ఇయ్యాలె. ధర్మం చేసినట్టు కాదు."

ఆమె మాటల్ని ఉన్నదున్నట్టు మీటింగులో చెప్పాను. లీగల్ విభాగం ససేమిరా అంది. తప్పు ఒప్పుకుంటే రేపు ప్రతి బంకు దగ్గరా ఇదే గొడవ అన్నారు. నెలలు గడిచాయి. చివరికి బంకుల విభాగం ఖాతా నుంచే పరిహారం వచ్చింది. కానీ ఇందులో ఎవరి తప్పూ లేదన్న వాక్యం కింద రవీందర్ పెన్ను పట్టలేక, సంతకానికి బదులు వేలిముద్రలాంటి మరక పెట్టాల్సి వచ్చింది. నివేదికలో అతని పేజీ రాలేదు. నీళ్ల ప్లాంటు ఫొటో వచ్చింది. కొత్త పైపులు వేసి బంకు మళ్లీ తెరిచారు. బావిలో వాసన పోలేదు. కిరాయివాళ్లంతా వెళ్లిపోయారు. అనసూయమ్మ ఇల్లు అమ్మేసి, కొడుకుతో నాగోల్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌కు మారింది.

పోయిన ఏడు రవీందర్ దుకాణం ముందు నుంచి వెళ్తూ ఆగాను. రిపేరుకు జీతం మీద ఒకతన్ని పెట్టుకున్నాడు. తను గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నాడు. పలకరించాడు, టీ చెప్పాడు. మాట్లాడుతూనే రిపేరు చేసేవాడి వైపు చూసి, "గట్ల కాదు, మెల్లగ," అంటూ సాయానికి చెయ్యి చాచి, సగంలోనే వెనక్కి తీసుకున్నాడు.

నేను ఇంకా అదే ఉద్యోగంలో ఉన్నాను. ఇప్పుడు ఏ కాలనీకి వెళ్లే ముందైనా, ఆ చుట్టుపక్కల నేల కింద, నేల మీద మా కంపెనీవి ఏమేం ఉన్నాయో కనుక్కుంటాను. వాటి పరీక్షలు పూర్తయిందాకా ప్లాంటు ఫైలు ముందుకు పంపను. సుధ దగ్గర ఫైలు కదలదని వెనక అనుకుంటారు. మేం ఇచ్చింది ఎవరికి చేరిందో చెప్పడానికి కంపెనీలో ఒక విభాగమే ఉంది. మా వల్ల ఎవరికి ఏం పోయిందో అడగమని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. రవీందర్ సంగతి తర్వాత అది కూడా నా పనేనని నాకు నేనే చెప్పుకున్నాను. ప్రతి మీటింగులోనూ అడుగుతాను. చాలాసార్లు, ఎవరూ తలెత్తరు.