శుక్రవారం నకలు

మా మరిది చనిపోయిన కబురు తెలిసి, అతను పనిచేసిన ప్రైవేటు ఆసుపత్రి మేనేజరు ఫోన్ చేశాడు. "అయ్యో" అన్నాడు. ఆ వెంటనే, "ఏమనుకోకు అమ్మా, పాస్‌వర్డ్ ఏమన్న చెప్పి పోయిండా?" అన్నాడు. పక్కనే మా తోడికోడలు గోడకు ఆనుకుని కూర్చుంది. భర్త పోయి ఇంకా మూడో రోజు కాలేదు.

"పని ఒప్పజెప్పిన నాడే మీ చేతుల పెట్టిండు గద సార్" అని ఫోన్ పెట్టేశాను. నేను గొంతు పెంచి మాట్లాడే మనిషిని కాదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను కోరుట్ల నుంచి సిరిసిల్లకు కోడలిగా వచ్చేనాటికి మా మరిది బడికి పోతున్నాడు. డిగ్రీ అయ్యాక ఆ ఆసుపత్రిలో డేటాబేస్ చూసుకునే పనిలో చేరాడు. వచ్చిన ప్రతి రోగి పేరు, ఊరు, పరీక్షలు, మందులు అన్నీ అందులోనే ఉంటాయి. నేను టెన్త్ చదివినదాన్ని, ఆ పని లోతు నాకేం తెలుస్తుంది? అతను చెప్తే విన్నదే.

శుక్రవారం గుడికి పోయి, ప్రసాదం అతనికి ఇచ్చి వచ్చేదాన్ని. మెట్ల కింద చిన్న గది. అందులో సర్వర్, దాని పక్కన ఒక పాత కంప్యూటర్. వారమంతా తీసిన డేటాబేస్ నకలును, అదే బ్యాకప్‌ను, ఆ రోజు పాత కంప్యూటర్‌లోకి ఎక్కించి, తెరిచి చూసేవాడు. "నకలు తీసినమని ఊకుంటె కాదు వదినె, తెరుసుకుంటదా లేదా చూడాలె" అనేవాడు. నాకు షుగరు, ఆ ఆసుపత్రిలోనే చూపించుకుంటాను. అందుకని నా పేరే కొట్టి వెతికేవాడు. "అగో, నువ్వున్నవ్. నువ్వుంటె అందరున్నట్టే." అప్పుడు గానీ ప్రసాదం కళ్ళకద్దుకునేవాడు కాదు.

తర్వాత ఆ నకలు ఉన్న డిస్కును టిఫిన్ సంచిలో పెట్టుకుని బస్సెక్కి, జగిత్యాలలో ఉన్న వాళ్ళ రెండో ఆసుపత్రిలో దాచి వచ్చేవాడు. ఇక్కడ ఏమన్నా అయితే అక్కడ ఒకటి ఉంటుందని. బస్సు వేములవాడ దాటేటప్పుడు కిటికీలోంచే రాజన్నకు దండం పెట్టేవాడట. ఆసుపత్రిలో అందరికీ అదొక నవ్వులాట. "ఏం సార్, ఇయ్యాల సంచిల పప్పా, పేషెంట్లా?" అనేవారు. తనూ నవ్వేవాడు.

దసరాకు మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు. మా ఇంట్లో సాంచాలకు, అదే మరమగ్గాలకు, ఆయుధపూజ చేసినట్టే వాళ్ళు సర్వర్‌కు చేస్తారు. అతను ముందే నకలు తీసి, పద్ధతిగా ఆపి, ఆ తర్వాతే పసుపు కుంకుమలు పెట్టనిచ్చేవాడు. "సాంచా ఆపేటప్పుడు దారం తెగకుండ చూస్తం గద వదినె? ఇది గూడ గంతే. రాసుడు అయిపోనియ్యాలె, అప్పుడు కరెంటు తియ్యాలె." కొబ్బరికాయ గది బయటే కొట్టాలనేవాడు.

పోయిన ఎండాకాలం మేనేజరు ఒక మాట అడిగాడు. "కౌంటరు కాడ కూసునేటోళ్ళందరికి అన్ని కనపడేటట్టు పెట్టు. ప్రతిదానికి నిన్ను పిలుసుడేంది?"

"వాళ్ళకు పేరు, ఊరు, డాక్టర్ గది చాలు సార్. ఎవలకు ఏం రోగమున్నదో వాళ్ళకెందుకు?"

"నువ్వేమన్న ఓనర్‌వా?"

మర్నాటి నుంచి రావద్దన్నారు. ఇంటికొచ్చి, "ఆడపిల్లల రిపోర్టులు చాయ్ తాగుకుంట చదువుకుంటరు వదినె" అన్నాడు. పని పోయినందుకు ఒక్క మాట అనలేదు. అతని పని ఇంకెవరికీ ఇవ్వలేదు. శుక్రవారం నకలు ఆగింది, జగిత్యాల బస్సూ ఆగింది.

దసరా వచ్చింది. సర్వర్‌ను తుడిచి బొట్టు పెట్టాలని, అది నడుస్తుండగానే ఎవరో వైరు పీకారు. పూజ బాగానే జరిగిందట. మళ్ళీ పెడితే డేటాబేస్ తెరుచుకోలేదు. అప్పుడు మా మరిది గుర్తొచ్చాడు.

అప్పటికే అతనికి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. మెట్లు ఎక్కలేకపోతున్నాడు. "పోకు, నీకేం పట్టింది?" అంది మా తోడికోడలు. "వాళ్ళ కోసం కాదే, పేషెంట్ల కోసం" అని ఆటోలో పోయాడు. జగిత్యాల నుంచి తన పాత నకలు తెప్పించి ఎక్కించాడు. అతన్ని తీసేసిన రోజు వరకు ఉన్నవన్నీ తిరిగి వచ్చాయి. ఆ తర్వాతి నెలలవి రాలేదు. ఎక్కడినుంచి వస్తాయి? తీసినవాళ్ళే లేరు.

కానీ అడిగిన రోగులకు ఆసుపత్రివాళ్ళు చెప్పిన మాట వేరు. పాత ఆయన పోతూ పోతూ పాడుచేశాడన్నారు. ఆ మాట మా వాడ దాకా వచ్చింది, అతని చెవిన పడింది. మంచం మీద నుంచి, "ఒక్కపారి వాళ్ళను అనుమను వదినె, నేను కాదని" అన్నాడు. మా ఆయన పోయి అడిగితే మేనేజరు, చూద్దామన్నాడు. చూడలేదు. ఆ నింద మోసుకునే నా మరిది వెళ్ళిపోయాడు.

మొన్న శుక్రవారం గుడి నుంచి అటే షుగరు పరీక్షకు పోయాను. కౌంటర్‌లో పిల్ల నేనెవరో ఎరగదు. నా పాత రిపోర్టులు అడిగాను.

"నడుమ కొన్ని నెలలయి లేవమ్మా. పాత ఆయన ఖరాబ్ చేసిండంట."

"ఎండకాలం దాక ఉన్నయా?"

"ఆ, గంత దాక అన్ని ఉన్నయి."

"గవి ఆయన దాచినయే బిడ్డా."

ఆ పిల్ల నా ముఖం చూసింది. "నాకేం ఎరుక అమ్మా, సార్ చెప్పిండు" అని మెల్లగా అంది.

తిరిగి వస్తుంటే మెట్ల కింద గది తలుపు తెరిచే ఉంది. సర్వర్ మీద దసరా నాటి బంతిపూల దండ ఎండిపోయి వేలాడుతోంది. ఆ చల్లటి గదిలో కుంకుమ మాత్రం ఎర్రగా, పెట్టినట్టే ఉంది.

గుడి నుంచి తెచ్చే కుంకుమ మొదట మా తోడికోడలికే ఇచ్చేదాన్ని. ఇంటికి పోయేసరికి ఆమె గడప మీద కూర్చుని ఉంది. అలవాటు కొద్దీ నా చేయి చూసింది. పొట్లం నా పిడికిట్లోనే నలిగింది.